వరాహముద్ర మొదలు కార్యాలయపు చిహ్నము వఱకు

పల్లెటూరికి ఏ కాగితము వచ్చినను పెద్దలు మొట్టమొదట అడుగు ప్రశ్న యొకటి కలదు: "ముద్ర పడినదా?" అందలి విషయ మేమి, సంతకము చేసిన దెవరు అను ప్రశ్నలు తరువాతివి. ముద్ర పడినది పత్రము. పడనిది వట్టి కాగితము. అయితే ముద్ర పడుట యొకటి, తేటగా పడుట మరియొకటి. అలికిన ముద్ర, సగము విరిగిన ముద్ర, మసిముద్దయైన ముద్ర, ముద్రయే లేని కాగితముకంటె ఎక్కువ అనుమానమును పుట్టించును. చేతిలో పత్రము పట్టుకొని బల్ల ముందు నిలుచున్నవానికి ఆ అనుమానము ఎంత కష్టమును తెచ్చునో చెప్పనక్కఱలేదు.

తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి, చిత్తూరు ప్రాంతములకు ఈ విషయమున చెప్పుకొనదగిన చరిత్ర కలదు. రాగిమీద, శిలమీద, గుడ్డమీద, కాగితముమీద గుర్తును చెదరకుండ నిలుపు విద్యను ఇచటి పనివారు అనేక శతాబ్దులుగా అభ్యసించిరి. నేడు కంప్యూటరు ముందు కూర్చుండి, తన సంస్థ చిహ్నమును ఉత్తరపు తలకట్టున స్పష్టముగా అచ్చొత్తింప గోరు ఉద్యోగికి ఎదురగు చిక్కులు ఆ పనివారికి ఎదురైనవే. గీత ఎంత సన్నముగా ఉండవలెను? సిరా ఎంత పట్టవలెను? దాని నందుకొను తలము ఎట్టిది? నకలుకు నకలు తీసినప్పుడు ఏమి మిగులును? ఈ నాలుగు ప్రశ్నలే ఆ చరిత్రకు మూలము.

విజయనగర ప్రభువుల తామ్రశాసనములను చూచినవారికి వాని అమరిక తెలిసియే యుండును. కొన్ని రాగిరేకులు, వాని తలకడ ఒక రంధ్రము, ఆ రంధ్రమున దూర్చిన కడియము, కడియమునకు అతికిన ముద్ర. ముద్రపై వరాహము, సూర్యచంద్రులు, కొన్నింట ఖడ్గము కానవచ్చును. కడియమును కోయనిదే రేకును మార్చుటకు వీలులేదు. కోసినచో ఆ కోత కంటికి దొరకును. రేకుల అంచులను కొంచెము మందముగా పైకి లేపియుంచుదురు. ఒక రేకు మరియొకదానితో ఒరసికొనినను లోపలి అక్షరము అరిగిపోకుండుటకు ఆ యేర్పాటు. శాసనపాఠము నందినాగరిలో సాగి, చివర "శ్రీ విరూపాక్ష" అను చేవ్రాలు కన్నడ లిపిలో ఉండును. కృష్ణదేవరాయల శాసనములు పెక్కింట చెక్కిన శిల్పిగా మల్లన పుత్రుడగు వీరణాచార్యుని పేరు కలదు. దానము చేసిన రాజు పేరు, పొందినవారి పేర్లు, చెక్కినవాని పేరు, మూడును ఒకే పత్రమున నిలిచినవి. అచ్చుపని బాధ్యత గల పని యని ఆనాటి రాచకొలువునకు తెలియును.

1565లో జరిగిన యుద్ధము తరువాత రాజధాని విజయనగరమును విడిచి పెనుగొండకును, పిమ్మట చంద్రగిరికిని మారెను. 1586 మొదలు 1614 వఱకు పాలించిన ఆరవీటి వేంకటపతిరాయల శాసనములలో విరూపాక్షుని స్థానమున "శ్రీ వేంకటేశ" అను చేవ్రాలు వచ్చెను. అతని బంగారు నాణెములపై తోరణము క్రింద నిలిచిన శ్రీ వేంకటేశ్వరుని రూపము ఒకవైపు, వేంకటేశ్వరునకు నమస్సు తెలుపు అక్షరములు మఱొకవైపు కలవు. వేలిగోరంత తలముమీద దేవుని రూపమును పోల్చుకొనునట్లు దింపుటెట్లు? నాణెపు అచ్చు చెక్కినవాడు ఆభరణము లన్నింటిని చూపబోలేదు. కిరీటపు ఎత్తు, నిలుచున్న భంగిమ, చుట్టు తోరణము, వీనిని మాత్రము నిలిపెను. చూచువానికి ఆనవాలు పట్టుటకు అవి చాలును. చిన్న చోటికి పెద్ద రూపమును కుదించుట కాదు, ఆ చోటికి తగిన రూపమును మఱల రచించుట అతని పని. నేటి చిహ్నకారులు పెక్కుమంది మఱచు మొదటి పాఠ మిదియే.

శిలమీదను ఇట్టి పద్ధతులే కలవు. తిరుమల, తిరుపతి దేవాలయముల గోడలపై వేయికి మించిన శాసనములు కలవు. అందు ఎక్కువ భాగము తమిళమున, కొన్ని తెలుగు, కన్నడ, సంస్కృతములందును ఉన్నవి. విజయనగర కాలపు శాసనములు పెక్కింటి చివర, ఇది తిరునిన్ఱ ఊరుడైయాన్ అను కోయిల కణక్కుని వ్రాత యని చెప్పి, శ్రీవైష్ణవుల రక్షతో ముగింతురు. లెక్కవ్రాయువాని పేరే అచట ముద్రగా పనిచేసెను. కాని ఆ గోడ చదువుటకు చదువు కావలెను. పొలము దున్నువానికి అంతకంటె తేలికయైన గుర్తు అవసరము. అందుచేత విష్ణ్వాలయమునకు చెందిన భూముల హద్దులందు చక్రము చెక్కిన ఱాళ్లను నాటెడివారు. దానభూముల పొలిమేరలందు వామనముద్ర గల ఱాళ్లను నిలిపెడివారు. ఎండకు, వానకు, నాగటి దెబ్బకు తట్టుకొని, చెంబెడు నీళ్లు పోసి తుడిచినంతనే కనబడవలసిన గుర్తు అది. కావున దానిని లోతుగా, లావుగా, కొద్ది గీతలతో చెక్కిరి. ఆ గుర్తు చెదరినచో పోవునది అలంకారము కాదు, భూమి.

తిరుమల గుడిలో మఱియొక గొప్ప నిధి కలదు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనములను, ఆయన వంశీయుల రచనలను ఆయన కుమారుడగు పెదతిరుమలాచార్యుల కాలమున రాగిరేకులపై చెక్కించి, ఆలయములోని ఒక రాతి అరలో భద్రపఱచిరి. ఆ రేకులు రెండువేలకు పైబడినవి. 1816లో మద్రాసున తెలుగు వ్యాకరణమును ప్రకటించిన ఏ. డి. క్యాంబెల్ దొర వీనిని గూర్చి వినెను. నన్నయ రచించిన వ్యాకరణము తిరుపతి గుడిలో వేలకొలది రేకులపై చెక్కబడి యున్నదని ఆయనకు ఎవరో చెప్పిరి. ఒక పండితునిచే పరీక్ష చేయింపగా అవన్నియు దేవుని స్తుతించు పాటలని తేలెను. వ్యాకరణమును వెదకినవారికి పాటలు నిరుపయోగములుగా తోచినవి కాబోలు, మఱల నూఱేండ్ల వఱకు వాని మాట పెద్దగా వినబడలేదు. 1920ల దశాబ్దమున అవి మఱల వెలుగులోనికి వచ్చెను. దేవస్థాన శాసన పరిశోధకులగు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగువారి కృషిచే అచ్చునకు ఎక్కెను. కొన్ని శతాబ్దులపాటు చీకటిలో ఉన్నను ఆ యక్షరములు చదువుటకు వీలుగా నిలుచుటకు కారణము, చెక్కినవాని ఉలి రాగిలో సరియైన లోతునకు దిగుటయే.

శాసనములకు నకలు తీయు విధానమును ఇచట చెప్పవలెను. అచ్చుపనిలోని సూక్ష్మ మంతయు అందున్నది. శిలను శుభ్రముగా కడిగి, తడిపిన కాగితమును దానిపై పఱచి, గట్టి కుంచెతో మొత్తి, కాగితమును అక్షరముల పల్లములలోనికి దింపుదురు. పిమ్మట సిరా తాకించిన మెత్తని దిండుతో పైపైన తట్టుదురు. మిట్ట నల్లనగును, పల్లము, అనగా అక్షరము, తెల్లగా నిలుచును. సిరా ఎక్కువైనచో అది పల్లములోనికి జాఱి సన్నని గీతలను మ్రింగును. తక్కువైనచో రాతి గఱుకుదనమే అక్షరమువలె కనబడును. కాగితము మిక్కిలి తడిగా ఉన్నచో సిరా ప్రాకును. ఆఱిపోయినచో పల్లమునకు దిగదు. 1930ల దశాబ్దమున దేవస్థానమువారు వరుసగా ప్రకటించిన శాసన సంపుటముల వెనుక, ఆ దిండు పట్టిన చేతుల నిదానము కలదు.

తలమును సిద్ధపఱచుటలో శ్రీకాళహస్తి కలంకారీ పనివారు అందఱికిని గురువులు. మచిలీపట్టణమున చెక్క అచ్చులతో అద్దకము చేయుదురు. శ్రీకాళహస్తిలో వెదురు కలముతో చేతనే వ్రాయుదురు. బెల్లము, ఇనుపముక్కలు నీటిలో నానబెట్టి పులియజేసిన నల్లని ద్రవముతో మొదట గీత వ్రాయుదురు. ఉత్త గుడ్డపై ఆ ద్రవము పడినచో నలువైపుల ప్రాకి మరకయగును. అందుచేత గుడ్డను ముందుగా కరక్కాయ, గేదెపాలు కలిపిన నీట ముంచి ఆరబెట్టుదురు. కరక్కాయలోని వగరు ఇనుమును పట్టి నలుపు చేయును. పాలలోని కొవ్వు గీతను ప్రాకనీయదు. కాగితపు కర్మాగారములలో కాగితమునకు గంజి, రాల మొదలగువానిని పట్టించుట ఇందుకే. చౌకబారు కాగితముపై చిహ్నము అలుకుకొనినప్పుడు యంత్రమును నిందింతుము. పాలు త్రాగని గుడ్డమీద కలము పెట్టితి మని శ్రీకాళహస్తి పనివాడు ఒక్క చూపున చెప్పగలడు.

ఇక కాగితపు పరిపాలన. 1801లో ఈ ప్రాంతము ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చెను. 1843లో తిరుమల దేవాలయ నిర్వహణమును కంపెనీవారు హాథీరాంజీ మఠపు మహంతులకు అప్పగించిరి. 1933 వఱకు అది వారి చేతిలో ఉండెను. ఆ యేట శాసనము ద్వారా దేవస్థాన పాలకవర్గ మేర్పడెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడి, చిత్తూరున కలెక్టరు కచేరి నెలకొనెను. కచేరి యనగా కాగితము, కాగితమనగా ముద్ర. లక్కను కరగించి, ఇత్తడి ముద్రతో అదుముట పాత పద్ధతి. 1844లో గంధకముతో పదునుపెట్టిన రబ్బరునకు అమెరికాలో గుడియర్ పేటెంటు పొందిన తరువాత, ఆ శతాబ్దపు రెండవ సగమున రబ్బరు ముద్రలు వాడుకకు వచ్చెను. రబ్బరు మెత్తనిది, ఒత్తినప్పుడు గీత ఉబ్బును. కావున రబ్బరు ముద్రలోని గీతల నడుమ ఎక్కువ ఎడము విడువవలసి వచ్చెను.

అచ్చుకూటములలో చిహ్నమునకు బ్లాకు కావలెను. బ్లాకులు రెండు తెఱగులు. లైన్ బ్లాకులో నలుపు, తెలుపు మాత్రమే యుండును. చిత్రమును ఫోటో ద్వారా జింకు రేకుపైకి దింపి, గీత లేని చోటును ఆమ్లముతో తినివేయించి, మిగిలిన గీతను మిట్టగా నిలుపుదురు. రెండవది హాఫ్‌టోన్ బ్లాకు. 1880ల దశాబ్దమున పాశ్చాత్య దేశములలో వ్యాప్తికి వచ్చెను. అందు వెలుగునీడలను చిన్నపెద్ద చుక్కలుగా విడగొట్టుదురు. వార్తాపత్రికల గఱుకు కాగితమునకు అంగుళమునకు సుమారు 65 వరుసల చుక్కలు, నున్నని ఆర్టు కాగితమునకు 133 వరుసలు వాడెడివారు. మనుష్యుల ఫోటోకు హాఫ్‌టోన్ తగును. చిహ్నమునకు అది తగదు. ఏలయన గీత అంచు చుక్కలుగా పగిలి నూగునూగుగా కనబడును. బ్లాకును చెక్కపై బిగించి, సీసపు అక్షరముల ఎత్తునకు, అనగా 0.918 అంగుళమునకు, సరిగా తెచ్చెడివారు. వెండ్రుకవాసి తగ్గినను ముద్ర వెలిసిపోవును. హెచ్చినను కాగితము చిరుగును. బ్లాకు క్రింద పలుచని కాగితపు ముక్కలు అతికి ఆ ఎత్తును సరిచేయుట అనుభవము గల పనివాని నేర్పు.

తెలుగు అక్షరములతో మఱియొక చిక్కు కలదు. మన అక్షరములు గుండ్రనివి. వాని కడుపులో చిన్న ఖాళీలు, పైన తలకట్టు, క్రింద ఒత్తు. చిహ్నము చుట్టు వలయముగా సంస్థ పేరును వ్రాసినప్పుడు ఆ ఖాళీలే మొదట మసితో పూడుకొనును. "ఘ", "ఝ" వంటి అక్షరములు ముద్దయగును. ఒత్తు వలయపు గీతను తాకును. రోమను లిపికి చాలిన పరిమాణము తెలుగు లిపికి చాలదు. ఇది లిపి లోపము కాదు. చోటు కేటాయించినవాని లోపము.

టైపు యంత్రము, స్టెన్సిలు కాగితము వచ్చిన పిదప కార్యాలయములందు సైక్లోస్టైలు నకళ్లు వ్యాపించెను. 1880ల దశాబ్దమున గెస్టెట్నరు మొదలగువారు రూపొందించిన ఈ సాధనమున మైనపు కాగితమును టైపు అక్షరము చీల్చును. ఆ చీలికగుండా సిరా దిగును. అక్షరములకు ఇది బాగుగా పనిచేసెను. చిహ్నమును మాత్రము ఇనుప కలముతో చేత గీయవలసి వచ్చెను. సన్నని వలయమును పూర్తిగా గీసినచో నడిమి కాగితము ఊడిపడును. అందుచేత వలయము నడుమ చిన్న ఎడములు విడిచెడివారు.

స్వాతంత్ర్యానంతరము 1950 జనవరి 26వ తేదీన సారనాథ సింహశీర్షము భారత రాజ్యచిహ్నముగా స్వీకరింపబడెను. అది నునుపుదేఱిన రాతి శిల్పము. దానిని కాగితముపైకి తెచ్చునప్పుడు నీడలను విడిచి గీతలుగా మార్చవలసి వచ్చెను. నాలుగు సింహములలో మూడే కనబడును. పీఠముపై నడుమ చక్రము, కుడివైపు వృషభము, ఎడమవైపు అశ్వము. క్రింద "సత్యమేవ జయతే". కవరుమీద చిన్నదిగా అచ్చువేసినను, కార్యాలయపు గోడమీద పెద్దదిగా వ్రాసినను పోల్చుకొనవచ్చును. గీతల లెక్క కుదిరిన చిహ్నమున కది మంచి ఉదాహరణము.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నము అమరావతీ శిల్పమునందలి పూర్ణఘటమును కేంద్రముగా గలది. 2018 నవంబరులో ప్రకటించిన రూపమున మూడు వలయములుగా మణులు కూర్చబడినవి: లోపల 48, నడుమ 118, వెలుపల 148. చూచుటకు అందమైన కూర్పు. ఉత్తరపు తలకట్టున దీనిని రెండు సెంటీమీటర్ల వెడల్పున అచ్చువేయుద మనుకొందము. వెలుపలి వలయపు చుట్టుకొలత సుమారు 63 మిల్లీమీటర్లు. దానిని 148చే భాగించినచో ఒక్కొక్క మణికి, దాని ప్రక్క ఎడముతో కలిపి, 0.42 మిల్లీమీటరు చోటు లభించును. అంగుళమునకు 300 చుక్కలు పెట్టు యంత్రమునకు ఆ చోటు అయిదు చుక్కలు మాత్రమే: మణికి మూడు, ఎడమునకు రెండు. మూడు చుక్కలతో గుండ్రదనము రాదు. 600 చుక్కల యంత్రమున పది చుక్కలు లభించును. అప్పుడు మణి మణిగా కనబడును. ఇక ఎక్కడినుండియో దింపుకొన్న నూఱు చుక్కల వెడల్పు గల బొమ్మను అచట అతికినచో ఒక్కొక్క మణికి రెండు చుక్కలే. మణుల దండ బూడిదరంగు పొగయగును. తప్పు చిహ్నమునది కాదు, యంత్రమునది కాదు, మూలమును ఎన్నుకొన్నవానిది.

కంప్యూటరు కాలమున బొమ్మలు రెండు విధములని ఇందువలన తెలియును. ఒకటి చుక్కల కూర్పు. పెద్దది చేసినకొలది గళ్లు బయటపడును. రెండవది గీతల లెక్క. ఇచటినుండి అచటికి ఇంత వంపుతో గీత సాగవలె నను ఆజ్ఞల సమూహము. దానిని ఎంత పెంచినను, తగ్గించినను యంత్రము తన శక్తి కొలది క్రొత్తగా గీయును. 1984లో వచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ అను అచ్చుభాష ఈ పద్ధతికి కార్యాలయములలో దారి తీసెను. లైన్ బ్లాకునకు, హాఫ్‌టోన్ బ్లాకునకు నడుమ నున్న భేదమే రూపు మార్చుకొని ఇచటికి వచ్చినది.

కావున చిహ్నమును సిద్ధపఱచువారు పాటింపదగిన నియమములు పాత పనివారి నియమములే. మూలమును గీతల రూపమున భద్రపఱచుకొనవలెను. రంగుల ప్రతితోపాటు నలుపు తెలుపుల ప్రతిని వేఱుగా గీయించుకొనవలెను. రంగును బూడిదగా మార్చి అచ్చువేసినచో యంత్రము దానిని చుక్కలుగా పగులగొట్టును. చుక్కల బొమ్మ తప్పనిసరియైనచో అచ్చుకాబోవు కొలతకు అంగుళమునకు 600 చుక్కలు ఉండునట్లు చేయించి, గీత అంచులను చెఱుపు జేపెగ్ రూపమున గాక పీఎన్‌జీ రూపమున దాచవలెను. పత్రమును భద్రపఱచునప్పుడు బొమ్మలను కుదించు సదుపాయమును ఆపివేయవలెను. మిక్కిలి చిన్న కొలతకు మణులు, సన్నని అక్షరములు తగ్గించిన వేఱు రూపము ఉండవలెను. ప్రభుత్వ చిహ్నములను మాత్రము ఎవరికి వారు మార్చరాదు, అచట కొలతనే పెంచవలెను. కడపట, కార్యాలయములోని పాత యంత్రముపై ఒక ప్రతి తీసి, దానికి నకలు, ఆ నకలుకు నకలు తీసి చూడవలెను. మూడవ నకలులో నిలిచినదే చిహ్నము.

ఈ పరీక్ష వట్టి చాదస్త మని కొందఱు అనుకొనవచ్చును. 2011 నవంబరులో మీసేవ కేంద్రములను మొదట చిత్తూరు జిల్లాలో ప్రయోగాత్మకముగా ఆరంభించినప్పటినుండి, భూమి పత్రములు, ధ్రువపత్రములు కంప్యూటరు సంతకముతో వచ్చుచున్నవి. ఆ సంతకము విజయనగరపు కడియమువంటిది. పత్రములో ఒక్క అక్షరము మార్చినను అది తెగును. అట్లయినచో పైనున్న బొమ్మ అలుకుకొన్న నేమి అను ప్రశ్న సహజము. కాని సంతకమును యంత్రము పరీక్షించును. ముద్రను మనుష్యుడు పరీక్షించును. పలమనేరునుండి గాని, సత్యవేడునుండి గాని బయలుదేఱి, పిల్లవాని కళాశాల ప్రవేశమునకై ధ్రువపత్రపు నకలు పట్టుకొని వరుసలో నిలిచిన తండ్రి చేతిలో యంత్రము లేదు, కాగితమున్నది. బల్లకు అవతల నున్న గుమాస్తా మొదట చూచునది ఆ కాగితపు తలకట్టు. అచట మసిమరక యున్నచో, "అసలు తెచ్చి రమ్ము" అను మాట వచ్చును. ఒక దినపు కూలి, రాకపోకల ఖర్చు పోవును.

పొలము హద్దున చక్రము లోతుగా చెక్కినవాడు తన నేర్పును చూపుటకై ఆ లోతు తీయలేదు. చదువు రాని రైతు ఆ ఱాతిని తడిమి చూచి, ఇది నా హద్దు అని ధైర్యముగా చెప్పుటకు తీసెను. కార్యాలయపు చిహ్నమును సిద్ధపఱచువారు తలచుకొనవలసినది ఆ రైతును.